గురువారం రొమ్ము బయాప్సీ ఉంది: వెళ్ళేలోపు తీరవలసిన సందేహాలు

ప్రశ్న: కునుకురానిరాత్రి

అందరికీ నమస్కారం. నా వయసు 46 ఏళ్ళు. మూడు వారాల క్రితం స్నానం చేస్తుండగా ఎడమ రొమ్ము పై భాగంలో, చంక వైపుగా, చిన్న గోళీ అంత గట్టిగా ఏదో చేతికి తగిలింది. నొప్పి లేదు కదా అని రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజుకు ఆ నొప్పి లేకపోవడమే నన్ను భయపెట్టింది. మామోగ్రామ్ చేశారు, తరువాత అల్ట్రాసౌండ్ చేశారు. 11 మిల్లీమీటర్ల గడ్డ ఉన్నదనీ, బైరాడ్స్ (స్కాన్‌లో క్యాన్సరు అనుమానం ఎంత ఉందో చెప్పే అంకెల కొలమానం) 4ఏ అనీ, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలనీ రిపోర్టులో రాశారు. డాక్టరుగారు ఓపికగానే వివరించారు. కాని బయాప్సీ అన్న మాట చెవిన పడ్డాక ఆవిడ పెదవులు కదలడం చూశానే గాని, చెప్పినదేదీ బుర్రకెక్కలేదు. తల ఊపి, తారీఖు రాయించుకుని బయటికి వచ్చాను. అడగవలసినవన్నీ ఇప్పుడు రాత్రి రెండు గంటలకు గుర్తుకొస్తున్నాయి.

మొదటిది నొప్పి సంగతి. మనిషికి పూర్తిగా మత్తు ఇవ్వరట, ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా సూది వేస్తారట. అంటే జరిగేదంతా తెలుస్తూ ఉంటుందా? సూది లోపల ఉండగా నాకు దగ్గు వస్తే ఏమవుతుంది? రెండోది, గడ్డను కదిపితే, సూది గుచ్చితే జబ్బు పాకుతుందని మా బంధువుల్లో పెద్దావిడ ఒకరు గట్టిగా చెప్పారు. చదువుకున్నదాన్నే అయినా ఆ మాట మనసులోంచి పోవడం లేదు. ఎలాగూ తీయవలసినదే అయితే గడ్డనంతా ఒకేసారి కోసి తీసేయవచ్చు కదా, ముందు ముక్క తీయడం ఎందుకు? నేను రోజూ ఆస్పిరిన్ మాత్ర వేసుకుంటాను, దాన్ని ఇప్పటినుంచే ఆపేయాలా? మా అమ్మాయికి పరీక్షలు నడుస్తున్నాయి, అవి పూర్తయ్యేందుకు ఇంకా నెల పడుతుంది. అప్పటిదాకా దీన్ని వాయిదా వేసుకుంటే ముప్పు ఏమైనా ఉంటుందా?

చివరిది అడగడానికి సిగ్గుగా ఉంది. ముక్కు మొహం తెలియని మనుషుల ముందు పై బట్ట లేకుండా ఎంతసేపు పడుకోవాలి? తరువాత రొమ్ము ఆకారం ఏమైనా మారుతుందా? ఇంత పెద్ద భయం ముందు పెట్టుకుని ఇదేం ప్రశ్న అనుకోవద్దు. అన్నిటికంటే ఎక్కువసార్లు ఇదే గుర్తుకొస్తోంది.

జవాబు 1: పాతమచ్చ

రెండేళ్ళ క్రితం నాకు ఇదే పద్ధతిలో, అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో ముక్క తీశారు. ఆ గదిలో ఏం జరుగుతుందో ముందుగా తెలియకపోవడమే నన్ను ఎక్కువ వణికించింది గనుక, నాకు జరిగింది జరిగినట్టు వరుసగా చెబుతాను.

వెల్లకిలా పడుకోబెట్టి, ఆ వైపు భుజం కింద చిన్న దిండు పెట్టి, చేతిని తల పైకి పెట్టుకోమన్నారు. ముందు చల్లటి జెల్ రాసి గడ్డ ఎక్కడుందో మళ్ళీ చూసుకున్నారు, తరువాత చర్మాన్ని మందుతో తుడిచారు. మత్తు సూది చీమ కుట్టినట్టే ఉంటుందని చెబుతారు గాని నా అనుభవంలో అది పూర్తి నిజం కాదు. పది పదిహేను సెకన్ల పాటు మంటపుట్టింది. మొత్తం పనిలో నేను పళ్ళు బిగబట్టింది అప్పుడొక్కసారే. రెండు మూడు నిమిషాలకు అక్కడ గిల్లినా తెలియనంతగా మొద్దుబారింది. చర్మం మీద మూడు నాలుగు మిల్లీమీటర్ల చిన్న గాటు పెట్టి, దానిలోంచి సూదిని లోపలికి పోనిచ్చారు. ఎవరో వేలితో గట్టిగా నొక్కుతున్నట్టు ఉంటుంది, కోస్తున్నట్టు ఉండదు.

ఇక ఆ శబ్దం గురించి. సూది వెనుక స్ప్రింగు ఉంటుంది, మీట నొక్కగానే కాగితాలకు స్టేప్లరు కొట్టినట్టు 'టప్' మంటుంది. ఆ శబ్దానికి ఉలిక్కిపడతారని తెలుసు కాబట్టి మా డాక్టరుగారు సూది గుచ్చకముందే ఒకసారి గాలిలో మోగించి వినిపించారు. మీరు కూడా వినిపించమని అడగండి. నాకు నాలుగుసార్లు మోగింది, అంటే నాలుగు ముక్కలు. రెండోసారికి నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను, మూడోసారికి భయం కంటే కుతూహలం ఎక్కువయింది.

పని అయ్యాక ఆ ముక్కలు చూపించమని అడిగాను. చిన్న సీసాలో నీళ్ళలాంటి మందు ఉంది, దానిలో పాలిపోయిన దారపు తునకల్లా గోరు పొడవున ఉన్నాయి. మూడు అడుగుకు దిగాయి, ఒకటి మాత్రం పైన తేలుతోంది. తేలినదానిలో కొవ్వు ఎక్కువ ఉంటుందని నర్సు చెప్పారు. ఇన్నాళ్ళు నన్ను నిద్రపోనివ్వనిది ఈ దారపు తునకా అనిపించింది.

తరువాత పది నిమిషాల పాటు గట్టిగా అదిమిపట్టి, కుట్లు అవసరం లేకుండా చిన్న అతుకు పట్టీలు వేశారు. బిగుతుగా ఉండే లోదుస్తు ఆ రాత్రంతా వేసుకునే ఉండమన్నారు, గుడ్డలో చుట్టిన మంచు గడ్డలు పెట్టుకోమన్నారు. ఊదారంగుగా కమిలింది. అది ఆకుపచ్చగా, పసుపుగా మారుతూ పది రోజుల్లో పోయింది. ఆకారంలో ఏ మార్పూ లేదు. మచ్చ ఎక్కడుందో నేనే వెతుక్కోవాలి. వెళ్ళేటప్పుడు పైనా కిందా విడివిడిగా ఉండే దుస్తులు, ముందు గుండీలున్నవి వేసుకుంటే నడుము పై భాగం మాత్రమే విప్పితే సరిపోతుంది. నాకు ఆ రెండో వైపు పూర్తిగా కప్పే ఉంచారు.

నాకు వచ్చింది ఫైబ్రోఅడినోమా, అంటే క్యాన్సరు కాని గడ్డ. ఆరు నెలలకు మళ్ళీ స్కాన్ చేసి, పెరగలేదని చూసి వదిలేశారు.

జవాబు 2: శుభంభూయాత్

ఏమీ ఉండదమ్మా, నిశ్చింతగా వెళ్ళి రండి. నూటికి తొంభై మందికి ఇవి ఉత్త గడ్డలే. మీరు అనవసరంగా దిగులు పెట్టుకుంటున్నారు.

జవాబు 3: స్కాన్‌గది

రొమ్ము స్కానింగు విభాగంలో పదమూడేళ్ళుగా టెక్నీషియనుగా పనిచేస్తున్నాను. మీ రిపోర్టులు నా కళ్ళ ముందు లేవు గనుక మీ వైద్యురాలి మాటే ఆఖరు మాటగా తీసుకోండి. ఇక్కడ రాసేది మా గదిలోకి వచ్చే ప్రతి రెండో మనిషీ అడిగే సంగతులే.

బైరాడ్స్ 4ఏ అంటే క్యాన్సరు అయ్యే అవకాశం 2 శాతానికి పైన, 10 శాతం లోపల ఉన్నదని రేడియాలజిస్టు అంచనా వేశారన్నమాట. 4బి అయితే 10 నుంచి 50 శాతం వరకు, 4సి అయితే 50 నుంచి 95 శాతం వరకు. అందువల్ల పై జవాబులో చెప్పిన తొంభై అన్న అంకె మీ విషయానికి దగ్గరగానే ఉంది గాని, 4 అన్న అంకె చూసిన ప్రతివారికీ అదే వర్తిస్తుందనుకోకూడదు.

సూది వల్ల జబ్బు పాకుతుందా అన్నదానికి దాచకుండా చెబుతాను. సూది వెళ్ళిన దారిలో కొన్ని కణాలు చెదిరి కనిపించడం పరిశోధకులు గమనించిన సంగతే. కాని అలా చోటు తప్పిన కణాలలో చాలావరకు అక్కడ బతకవు. సూదితో బయాప్సీ చేయించుకున్నందువల్ల రోగుల ఆయుష్షు తగ్గినట్టు తేలలేదు. ఆపరేషను కంటే ముందు సూదితో తెలుసుకోవడమే ఇప్పుడు అంతటా పాటించే పద్ధతి. మీ బంధువుగారి మాటకు మూలం బహుశా పూర్వకాలపు అనుభవం అయి ఉంటుంది: గడ్డ బాగా ముదిరాక వైద్యుల దగ్గరికి వెళ్ళేవారు, కత్తి పడ్డాక మనిషి పోయేవారు, నింద కత్తి మీద పడేది.

గడ్డనంతా ఒకేసారి ఎందుకు తీయరన్నది చాలా మంచి ప్రశ్న. అది క్యాన్సరు కాకపోతే మీకు అసలు ఆపరేషనే అక్కరలేకపోవచ్చు. ఊరికే కోత పెట్టినట్టవుతుంది. ఒకవేళ క్యాన్సరే అయితే, అది ఏ రకమో ముందే తెలిసి ఉంటే చుట్టూ ఎంత మేర తీయాలి, చంకలోని గ్రంథులను చూడాలా, ఆపరేషను కంటే ముందే మందులు ఇవ్వాలా అన్నవి నిర్ణయించుకుని ఒకే ఆపరేషనుతో పని పూర్తి చేయడానికి వీలుంటుంది. తెలియకుండా కోస్తే రెండోసారి బల్ల ఎక్కవలసి రావచ్చు.

ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు ఆపవద్దు. అది గుండె కోసమో మెదడు రక్తనాళాల కోసమో ఇచ్చినదైతే ఆపడం వల్ల వచ్చే ముప్పు, ఇక్కడ కాస్త ఎక్కువ కమలడం కంటే పెద్దది. ఆస్పిరిన్ నడుస్తుండగానే ఈ బయాప్సీ చేసే చోట్లు చాలా ఉన్నాయి, అదిమిపట్టే సమయాన్ని మాత్రం పెంచుతారు. రేపే ఫోన్ చేసి అడగండి. రక్తం పలచబరిచే మందు మరేదైనా ఉన్నా, మత్తు సూది, రబ్బరు చేతొడుగులు, అతుకు పట్టీల వంటివి ఏవైనా పడకపోయినా అప్పుడే చెప్పండి. ఈ పరీక్షకు సాధారణంగా పస్తు ఉండనక్కరలేదు. ఆ ఉదయం చంకల్లో పౌడరు, చెమట వాసన పోగొట్టే పూతలు మాత్రం రాసుకోకండి, వాటిలోని రేణువులు మామోగ్రామ్‌లో సున్నపు చుక్కల్లా కనిపించి తికమక పెడతాయి.

దగ్గు వస్తుందనిపిస్తే నోరు తెరిచి చెప్పండి, అంతే. ఆగుతాం. సూదిని ఛాతీ గోడకు వీలైనంత సమాంతరంగా పోనిస్తాం, దాని మొన ప్రతి క్షణం తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. ముక్కలు తీసిన చోట నువ్వుగింజ అంత లోహపు గుర్తు ఒకటి వదిలిపెట్టవచ్చు. అది చాలావరకు టైటానియంతో చేసినది. తరువాత ఎప్పుడు ఫిల్ము తీసినా ఇక్కడే పరీక్ష జరిగిందని తెలియడానికి, ఆపరేషను అవసరమైతే దారి చూపడానికి పనికొస్తుంది. ఎమ్మారైకి అడ్డురాదు, బయటికి తెలియదు. అది పెట్టడం క్యాన్సరు ఉందనడానికి సూచన కాదు. పెట్టారు కాబట్టి ఏదో ఉందని ఏడుస్తూ వెళ్ళినవారిని చూశాను.

సిగ్గు గురించి అడిగారు, అడగడమే మంచిదయింది. అవసరమైనంత మేరే తెరుస్తాం, పని కాగానే కప్పుతాం. గదిలో ఆడమనిషి ఉండాలని కోరడం మీ హక్కు, అది ముందు రోజే చెబితే ఏర్పాటు సులువుగా అవుతుంది. గదిలో ఉండేది ముప్పావు గంట అనుకోండి, సూది పని దానిలో కొద్ది నిమిషాలే.

ఇంకొక్క సంగతి, దీన్ని మాత్రం తప్పక చేయండి. మీ అల్ట్రాసౌండ్ రిపోర్టులో గడ్డ ఏ వైపు ఉన్నదో, గడియారపు లెక్కలో ఎన్ని గంటల చోట ఉన్నదో, చనుమొనకు ఎన్ని సెంటీమీటర్ల దూరమో రాసి ఉంటుంది. అపాయింటుమెంటు చీటీలో కూడా అదే ఉందేమో సరిచూసుకోండి. పాత ఫిల్ములన్నీ వెంట తీసుకువెళ్ళండి.

జవాబు 4: పదిలోఒకరు

'ఏమీ ఉండదు' అన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది, మన్నించండి. నాది కూడా 4ఏనే. నాకూ అందరూ అదే మాట చెప్పారు, నేనూ నమ్మాను, ఫలితం తీసుకోవడానికి ఒంటరిగా వెళ్ళాను. ఆ పది శాతం లోపు మనుషుల్లో నేను ఒకదాన్నని తెలిసిన క్షణాన పక్కన కూర్చోవడానికి ఎవరూ లేరు. ధైర్యం చెప్పినవారి మీద కోపం లేదు గాని, వారి మాట వల్ల నేను సిద్ధపడకుండా పోయాను అన్నది నిజం.

మీరు భయపడాలని ఇది రాయడం లేదు. నా గడ్డ 9 మిల్లీమీటర్లప్పుడు దొరికింది, చంకలోని గ్రంథులకు చేరలేదు, రొమ్ము మొత్తం తీయవలసిన అవసరం రాలేదు. ఆపరేషను, రేడియేషను అయ్యాయి, ఇప్పుడు రోజుకొక మాత్ర వేసుకుంటూ ఉద్యోగానికి వెళుతున్నాను. ఇది జరిగి నాలుగేళ్ళు దాటింది. ఫలితం ఏదైనా సరే, వినడానికి వెళ్ళేరోజున మీతో మరొక మనిషి ఉండాలన్నదే నేను చెప్పదలచుకున్నది. వచ్చే మనిషి ఏడ్చేవారు కాకుండా, కాగితం మీద రాసుకోగలవారు అయితే మేలు. ఫలితం ఫోనులో చెబుతారా, పిలిచి చెబుతారా, ఎన్నాళ్ళకు అన్నది గురువారమే అడిగి తెలుసుకోండి. ఫోను మోగినప్పుడల్లా గుండె గుభేలుమనకుండా ఉంటుంది.

వాయిదా సంగతి మీ డాక్టరుగారిని అడగాలి. నాలుగు రోజులు అటూ ఇటూ అయితే సాధారణంగా కొంప మునగదు. కాని నేనూ ఒక పెళ్ళి అయ్యాక చూద్దామనుకున్నాను, పెళ్ళి అయ్యాక మరొకటి వచ్చింది. మీ అమ్మాయి పరీక్షలకు మీరు చేయవలసిన పని బయాప్సీ మరునాడు కూడా చేయగలరు. నెల రోజులు ఈ అనుమానాన్ని మోస్తూ ఆమె ఎదుట మామూలుగా తిరగడం మాత్రం అంత తేలిక కాదు. పిల్లలు కనిపెడతారు.

జవాబు 5: వెంటవెళ్ళినవాడిని

నా భార్యతో వెళ్ళాను. బయట కూర్చున్నప్పుడు ఆమె రిపోర్టులోని ప్రతి మాటనూ ఫోనులో వెతికి, దొరికినదల్లా ఆమెకు చదివి వినిపించడం నేను చేసిన పెద్ద పొరపాటు. 'అంచులు సమంగా లేవు' అన్న ఒక్క మాటకు నాలుగు పేజీల అర్థాలు దొరికాయి, లోపలికి పిలిచేసరికి ఆమె చేతులు చల్లబడిపోయాయి. నేను పనికివచ్చింది ఆ తరువాతే: ఆ రోజూ మరునాడూ బరువులు ఎత్తవద్దన్నారు గనుక బిందెలూ సంచులూ అన్నీ నేనే మోశాను. ఎర్రబడి వేడిగా వాచినా, జ్వరం వచ్చినా, అదిమిపట్టినా రక్తం ఆగకపోయినా ఏ నంబరుకు ఫోన్ చేయాలో అడిగి రాసిపెట్టుకున్నాను. దాని అవసరం రాలేదు గాని, ఆ రాత్రి ఆమె నన్ను రెండుసార్లు లేపి ఆ నంబరు ఉందా అని అడిగింది.

జవాబు 6: గాజుపలక

పాథాలజీ ల్యాబులో పనిచేస్తాను. ఆ సీసా మా దగ్గరికి చేరాక ఏమవుతుందో తెలిస్తే ఎదురుచూడటం కొంత సులువవుతుందేమోనని రాస్తున్నాను.

ఆ ముక్కలు ఫార్మలిన్‌లో కనీసం ఆరు గంటలు నానాలి. తొందరపడి తీస్తే, తరువాత హార్మోను గ్రాహకాల పరీక్ష (క్యాన్సరు కణాలు హార్మోన్లకు స్పందించే రకమా అని చూసేది) చేయవలసి వచ్చినప్పుడు అది సరిగా రాదు. ఆ పైన వాటిలోని నీటినంతా తీసివేసి, కరిగిన మైనం ఎక్కించి, దిమ్మగా పోసి, మిల్లీమీటరును రెండు మూడు వందల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగమంత మందాన పొరలుగా కోసి, గాజుపలక మీద పరిచి, గులాబీ, ఊదా రంగులు అద్దుతాం. అందుకే ఎంత బతిమాలినా అదే సాయంత్రం ఫలితం ఇవ్వలేం. రోజులు గడిచేకొద్దీ 'ఆలస్యమయింది కాబట్టి చెడే అయి ఉంటుంది' అని చాలామంది అనుకుంటారు. ఆలస్యానికి కారణాలు ఎన్నో ఉంటాయి: లోతు పొరలు మళ్ళీ కోసి చూడటం, అదనపు రంగు పరీక్షలు పెట్టడం, మరొక పాథాలజిస్టుకు చూపించడం. అదనపు పరీక్షలు మంచిదే అని రూఢి చేసుకోవడానికి కూడా పెడతాం.

ఫలితం క్యాన్సరు కాదని వచ్చినా ఒక ప్రశ్న అడగండి: స్కాన్‌లో కనిపించినదానికీ, ముక్కలో తేలినదానికీ పొంతన కుదిరిందా? స్కాన్‌లో అనుమానం గట్టిగా ఉండి ముక్కలో ఏమీ దొరకకపోతే, సూది అసలు చోటును తాకలేదేమోనని మళ్ళీ తీయవలసి రావచ్చు. అట్లాగే 'అసాధారణ కణాల పెరుగుదల' అని రాస్తే అది క్యాన్సరు కాదు, అలాగని పట్టించుకోకుండా వదిలేసేదీ కాదు. ఆ చుట్టుపక్కల మరికాస్త తీసి చూడాలని తరచుగా చెబుతారు.

తిరిగి కునుకురానిరాత్రి

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. 'పదిలోఒకరు' గారూ, మీ జవాబు చదివినప్పుడు మొదట కడుపులో తిప్పింది, తరువాత మా చెల్లెలికి ఫోన్ చేశాను. అది బ్యాంకులో పనిచేస్తుంది, అంకెలూ కాగితాలూ దానికి భయం లేదు. గురువారం నాడూ, ఫలితం రోజునా కూడా వస్తానంది. అమ్మాయికి కూడా విషయం చెప్పాను. 'నాకు వారం నుంచే తెలుసు, నువ్వు రిపోర్టును బియ్యం డబ్బా వెనకాల పెట్టావు' అంది.

ఆస్పిరిన్ గురించి అడిగాను, ఆపనక్కరలేదన్నారు. పరీక్ష చేసేది మగ డాక్టరేనట, గదిలో నర్సు మొదటినుంచి చివరిదాకా ఉంటారని చెప్పారు. శబ్దం ముందే వినిపించమని కాగితం మీద మొదటి మాటగా రాసుకున్నాను.

'స్కాన్‌గది' గారు చెప్పినట్టు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. అల్ట్రాసౌండ్ రిపోర్టులో ఎడమ రొమ్ము, 2 గంటల చోటు, చనుమొనకు 4 సెంటీమీటర్లు అని స్పష్టంగా ఉంది. అపాయింటుమెంటు చీటీలో 'కుడి' అని ఉంది. మూడుసార్లు చదివాను, నా చూపు మీద నాకే అనుమానం వచ్చి చెల్లెలికి ఫొటో తీసి పంపాను, అదీ కుడి అనే చదివింది. వెంటనే ఫోన్ చేశాను. అవతలివారు కాసేపు ఆగి, రాయడంలో పొరపాటు జరిగిందని ఒప్పుకుని సరిదిద్దారు. ఎలాగూ సూది వేసేముందు మళ్ళీ స్కాన్ చేసి, వైపు ఏదో నన్నే అడిగి గుర్తు పెట్టుకుంటామన్నారు. కొత్త చీటీ పంపమని అడిగి తెప్పించుకున్నాను, పాతదాన్ని చించేశాను. గురువారం ఉదయం తొమ్మిదింటికి రమ్మన్నారు.